ఏ ఒడ్డుకి వెళ్దామో అమ్మనడిగారా?



క్రిస్మస్ సెలవులు వస్తున్నాయి, ఆ వెనకే సంక్రాంతి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, కువైట్ నుంచి పిల్లలు దిగుతారు. ఈ నాలుగైదేళ్లుగా మన ఊళ్లో ఒక కొత్త అలవాటు గమనిస్తున్నాను. పెళ్లిళ్లై, పిల్లలు పుట్టిన కొడుకులు, కూతుళ్లు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని సముద్రం చూపించడానికి బయలుదేరుతున్నారు. పూర్వం మనకి సముద్రమంటే కుర్రాళ్లు వ్యాను మాట్లాడుకుని పోయే పిక్నిక్. పెద్దవాళ్లు వాకిట్లో నిలబడి "జాగ్రత్తరా, లోపలికి పోబాకండి" అని చెప్పి పంపేవాళ్లు. ఇప్పుడు ఆ పెద్దవాళ్లే కారెక్కుతున్నారు. నాకు సంతోషంగా ఉంది.

అయితే వెళ్లొచ్చిన వాళ్లని ఎలా ఉందని అడుగుతుంటే పిల్లలు ఒకటి చెబుతారు, పెద్దవాళ్లు ఇంకొకటి చెబుతారు. పిల్లలు ఊళ్ల పేర్లు చెబుతారు. పెద్దవాళ్లు "బాగానే ఉందయ్యా" అని మోకాలు తడుముకుంటారు. అందుకే ఈ సెలవుల ముందు ఒక్క మాట చెప్పాలనిపించింది. అమ్మతోనో నాన్నతోనో సముద్రానికి వెళ్లేటప్పుడు ఏ ఒడ్డుకి వెళ్లాలో, అక్కడ ఎంతసేపు కూర్చోవాలో వాళ్లనే చెప్పనివ్వండి. డబ్బు మీదే, కారు మీదే కావచ్చు. యాత్ర మాత్రం వాళ్లది.

ముందు ఒక అభ్యంతరం సంగతి చూద్దాం. మన పెద్దల్లో కొందరు "విశ్వాసులకి విహారయాత్రలేంటి అయ్యగారూ, అది లోకం" అంటారు. వారి మీద నాకు గౌరవం ఉంది. కానీ పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు కనబడిన చోట్లలో ఒకటి సముద్రపు ఒడ్డేనని మనకు తెలుసు. తిబెరియ సముద్రం దగ్గర తెల్లవారే వేళ నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయినవాళ్లకు ఆయనే వడ్డించాడు. యోహాను సువార్త చివరి అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఆ భోజనమైన తరువాతే పేతురుతో ముసలితనం గురించి మాట్లాడాడు. పడుచుదనంలో నీ నడుము నువ్వే కట్టుకుని నచ్చిన చోటికి తిరిగావు, ముసలివాడివైనప్పుడు వేరొకడు నీకు నడుము కట్టి నీకు ఇష్టం లేని చోటికి మోసుకుపోతాడు అన్న భావం. అది పేతురు మరణాన్ని గురించిన మాట అని సువార్తికుడే చెప్పాడు, నేను కాదనడం లేదు. కానీ మన ఇళ్లలో ముసలివాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆసుపత్రికి తీసుకుపోయేదీ మనమే, ఆరు నెలలు పెద్దోడి దగ్గర, ఆరు నెలలు చిన్నోడి దగ్గర అని పంచేదీ మనమే. చివరికి సరదాగా తిరిగి రావడానికి కూడా మన ఇష్టప్రకారమే మోసుకుపోతే వాళ్లకంటూ మిగిలేదేముంది?

మామూలుగా జరిగేది ఇది. కొడుకు రెండు రోజులు విశాఖపట్నం పెట్టుకుంటాడు. మొదటి రోజు ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా విమానం మ్యూజియం, కైలాసగిరి. రెండో రోజు రుషికొండ, భీమిలి, కుదిరితే అరకు కూడా. ఆ కురుసుర మన నౌకాదళంలో 1969 నుంచి 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ప్రజలు చూడటానికి ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి. చూడదగ్గదే. కానీ లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి, తల వంచి దాటాలి. మోకాళ్ల నొప్పుల మనిషికి అది సాగదు. అమ్మ బయట కూర్చుంటుంది. ఒళ్లో నలుగురి బ్యాగులు, పక్కన నలుగురి చెప్పులు. బీచ్‌లోనూ అంతే, పిల్లలు నీళ్లలోకి దిగితే సామాను కాపలా అమ్మదే. ఇంటి దగ్గర తాళం కాపలా, ఇక్కడ చెప్పుల కాపలా. మధ్యలో ఒకసారి పిలిచి ఫోటో తీస్తారు, ఆ ఫోటో స్టేటస్‌లో పెడతారు, అందరం చూసి ఆమేన్ అంటాం.

మన సంఘంలోని ఒక తల్లి సంగతి చెబుతాను. పేరు రాయొద్దంది, సంగతి రాయమంది. అరవై ఏడేళ్లు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పోయినేడు సెలవుల్లో వచ్చి "అమ్మా, వైజాగ్ పోదాం, గది కూడా చూశా" అన్నాడు. "యాడికైనా సరే నాయనా, నీ ఇష్టం" అంది. అంతటితో ఆగిపోతే ఆగిపోయేదే. ఆ అబ్బాయి మంచివాడు, రాత్రి అన్నాలప్పుడు మళ్లీ అడిగాడు. "నా ఇష్టం కాదు, నీకు ఎక్కడికి పోవాలనుంది?" ఆమె పళ్లెంలో అన్నం కలుపుతూ కలుపుతూ "అటు మా దివి వైపు తీసుకుపోతావా?" అంది.

ఆమె పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక దగ్గర. మన వైపు కోడలుగా వచ్చిన ఏడాదికే ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. మనలో యాభై దాటినవాళ్లకి ఆ పేరు చాలు, చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. ఆ తుఫానుకి సముద్రం ఊళ్ల మీదికి లేచి వచ్చింది. కృష్ణా డెల్టా తీరంలో పదివేల మందికి పైగా పోయారు. అవనిగడ్డ దగ్గర వాళ్ల జ్ఞాపకార్థం స్తూపం కట్టారు. ఆ తరువాతే మన తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. ఈ తల్లికి ఆ రాత్రి అమ్మ, నాన్న, ఒక తమ్ముడు పోయారు. కబురు ఇక్కడికి చేరేసరికి రోజులు గడిచాయి. భర్త తీసుకెళితే ఊరికి ఆనవాలు లేదు. అంతే, మళ్లీ అటు వెళ్లలేదు. నలభై ఎనిమిదేళ్లు. కొడుక్కి తెలిసింది ఒక్క వాక్యమే: "అమ్మ తరపు వాళ్లు ఉప్పెనలో పోయారు."

వైజాగ్ గది వదిలేసుకున్నారు. గుంటూరు, తెనాలి, రేపల్లె మీదుగా పోయి పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కారు, దిగితే పులిగడ్డ. వంతెన మధ్యలో కారు ఆపమందట. "అప్పుడిది లేదురా, పడవ దాటేవాళ్లం. మీ నాన్న పడవలో భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్లైన కొత్త" అని నవ్విందట. వాళ్ల నాన్న దేనికైనా భయపడగలడని ఆ కొడుక్కి ఆ రోజు దాకా తెలియదు.

తరువాత సంగతులు అతను నాతో చెప్పినవి. ఊళ్లో ఆమెని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. కాలవని బట్టి, గుడిని బట్టి తమ ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టింది. తమ్ముడు తాటిచెట్లెక్కి ముంజలు కోసేవాడని, చెరువులో ఈదడం వాడే నేర్పాడని, వాడికి పద్నాలుగేళ్లని చెప్పింది. అక్కడి నుంచి హంసలదీవి పోయారు, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి. ఆమె ఏడుస్తుందని కొడుకు భయపడుతూ ఉన్నాడు. ఏడవలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పాదాలు తడిసేంత వరకూ నడిచి, చాలాసేపు నిలబడి, "ఎంత నెమ్మదిగా ఉందో చూడు ఇప్పుడు" అందట. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎండు రొయ్యలు బేరమాడి కొంది. రేపల్లె దాటేదాకా మాట్లాడుతూనే ఉంది. ఇంటికొచ్చాక మూడు రోజులకు తమ్ముడి పేరు ఒక కాగితం మీద రాయించి, ప్రార్థనలో చెప్పమని నా చేతికిచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆమె కాపరిని నేను. ఆ పేరు వినడం అదే మొదలు.

మరి ఆ ప్రయాణాన్ని విహారయాత్ర అనాలా, ఇంకేమైనా అనాలా? పేరేదైనా సరే. రెండోసారి అడగకపోయి ఉంటే ఆ తల్లి కైలాసగిరి మీద ఎండలో కూర్చుని చెప్పులు కాసి ఉండేది. "నీ ఇష్టం నాయనా" అన్న మాటని మన పిల్లలు అంగీకారం అనుకుంటారు. మన అమ్మలకి అది అలవాటు. ఏ కూర వండాలో ఇంట్లో అందరినీ అడిగి, తనకేది కావాలో ఎప్పుడూ చెప్పని మనుషులు ఒక్కసారి అడిగితే చెప్పరు. రెండుసార్లు అడగాలి, పక్కన నలుగురూ లేనప్పుడు అడగాలి, "ఖర్చు సంగతి వదిలెయ్" అని ముందే చెప్పి అడగాలి.

నాన్నల విషయంలో అయితే ఇంకా చిత్రం. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు హమాలీగా టిక్కీలు మోసిన ఒక తండ్రిని, విశాఖలో నర్సుగా చేస్తున్న కూతురు పిలిపించుకుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండ బీచ్ చూపిద్దామని ఆమె ఆశ. ఆయన అడిగింది ఓడ. "పెద్ద ఓడ చూడాలమ్మా, సరుకు ఎక్కేది." ఆ రేవు తెరిచింది 1933లో, ఇన్నేళ్లుగా సరుకులు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి కదా. లోపలికి పంపరు కాబట్టి ఒడ్డున కూర్చుని, లోనికి రావడానికి వంతు కోసం సముద్రంలో ఆగి ఉన్న ఓడల్ని లెక్కపెట్టారు. మర్నాడు పొద్దున్నే చేపల రేవుకి పోయారు. అక్కడ బుట్టలు మోస్తున్న కూలీలను పిలిచి, బుట్టకెంత ఇస్తారు, నడుం నొప్పికి ఏం వాడతారు అని ఒకటే మాటలు. రెండు గంటలు కదల్లేదట. రుషికొండ సంగతి మరిచేపోయారు. "మా నాన్న అంత మాట్లాడగలడా అయ్యగారూ?" అని ఆ అమ్మాయి నన్ను ఫోన్‌లో అడిగింది. మాట్లాడగలడమ్మా, ఆయనకి తెలిసిన సంగతి ఎదురుపడాలి.

డబ్బు సంగతి మాట్లాడకుండా ఇది ముగించలేను, ఎందుకంటే ఎక్కువమంది అడ్డం పెట్టేది దాన్నే. మన ఊళ్లో ఎవరైనా పెద్దామె ప్రభువు నందు నిద్రిస్తే జ్ఞాపకార్థ కూడిక ఎలా చేస్తున్నామో చూడండి. షామియానా, రోడ్డుకి రెండు వైపులా ఫ్లెక్సీలు, ఐదొందల మందికి భోజనాలు, సౌండ్ బాక్సులు. అప్పు చేసి చేసినవాళ్లు ఉన్నారు. ఆ ఫ్లెక్సీ మీద అమ్మ వెనక నీలం సముద్రం బొమ్మ వేయించినవాళ్లూ ఉన్నారు. ఆమె బతికి ఉండగా తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రాన్ని చూడలేదు. ఇది రాస్తుంటే కొందరికి కోపం వస్తుందని తెలుసు. కూడికలు వద్దనడం లేదు. పదిమందితో ప్రార్థన చేసుకుని, టీ ఇచ్చి పంపినా ఆమెకి లోటు లేదంటున్నాను. ఆ ఖర్చులో పదో వంతు ముందే, ఆమె కళ్లు కనబడేటప్పుడే పెట్టండి.

పోయిన వేసవిలో ఒక యువకుడు మందిరం ప్రహరీకి కానుక తెచ్చాడు. మాటల్లో మాటగా, వాళ్లమ్మని ఎక్కడికో తీసుకెళదామని దాచిన డబ్బు అదేనని చెప్పాడు. తీసుకోలేదు. తల్లిదండ్రులకు అందవలసినదాన్ని కొర్బాను అని పేరు పెట్టి దేవుని పేరిట పక్కకి తీసేవాళ్లను గురించి ప్రభువు ఏమన్నాడో మార్కు ఏడవ అధ్యాయంలో ఉంది. ప్రహరీ ఇంకో ఏడాది ఆగుతుంది.

ఇక కారు లేదు, కూలి పనికి పోతే తప్ప గడవదు అనేవాళ్లకి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బాపట్ల దాకా బస్సులో పోతే సూర్యలంక అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలుంటాయి. చీరాలలో దిగితే వాడరేవు ఇంకా దగ్గర. పొద్దున చద్దన్నం తిని బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. పులిహోర ఇంటి దగ్గరే కలుపుకుపోండి, బీచ్ దగ్గర చేపల వేపుడు మాత్రం కొనిపెట్టండి, అమ్మ వద్దంటుంది, అయినా కొనండి.

మరికొన్ని సంగతులు, చూసినవాడిగా చెబుతున్నాను. ఆదివారం, పండగ రోజు పోవద్దు. ఆరాధన ఎగ్గొట్టొద్దని మాత్రమే కాదు, ఆ రోజుల్లో ఒడ్డంతా జనం, తాగినవాళ్ల గోల, ముసలివాళ్లకి కూర్చునే చోటుండదు. మామూలు రోజు పొద్దున్నే పోతే పడవలు ఒడ్డుకి వస్తుంటాయి, వలలు దులుపుతుంటారు, చూడటానికి అదే బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం కబురుంటే ప్రయాణం మానుకోండి. మే నెల ఉక్కలో బీపీ మనుషుల్ని తిప్పొద్దు. ఒక ప్లాస్టిక్ కుర్చీ వెంట తీసుకుపోండి, ఇసుకలో కూర్చుంటే వాళ్లు లేవలేరు. మరుగుదొడ్డి ఎక్కడుందో చేరగానే చూసుకోండి. అది తెలియక పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా ఉండే అమ్మలు నాకు తెలుసు, నోరు తెరిచి మీకు చెప్పరు.

నీళ్ల దగ్గర మాత్రం వాళ్ల ఇష్టానికి వదలొద్దు. మన తీరంలో, సూర్యలంకైనా వాడరేవైనా ఆర్కే బీచైనా, ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోయారన్న వార్త చదువుతూనే ఉన్నాం. చీర తడిస్తే బరువెక్కుతుంది, కాళ్లకి చుట్టుకుంటుంది. కెరటం వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది, మొదటిసారి చూసేవాళ్లకి భూమే కదిలినట్టై కళ్లు తిరుగుతాయి. చీలమండ లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి. చిన్నప్పుడు తిరనాళ్లలో మీ చెయ్యి వాళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నారో అంత గట్టిగా.

కొందరు పెద్దవాళ్లు నిజంగానే రామంటారు. ఇంటి దగ్గర గేదె ఉంది, నడుం పట్టేసింది, నాకు సముద్రమంటే భయం అంటారు. అడిగిన తరువాత, ఖర్చు భయం తీర్చిన తరువాత కూడా రామంటే వదిలేయండి. ఆ రెండు రోజులు వాళ్ల మంచం పక్కన కూర్చోండి. బలవంతంగా కారెక్కించి "మా అమ్మకి సముద్రం చూపించాను" అని చెప్పుకోవడం దేనికి?

పెద్దవాళ్లకీ ఒక మాట. అమ్మలారా, నాన్నలారా, పిల్లలు ఆశపడి తీసుకెళితే ప్రతి టీ దగ్గరా "ఇరవై రూపాయలా!" అనకండి. గది అద్దె ఎంతని అడగొద్దు, అడిగినా దాంతో ఎన్ని బస్తాల వడ్లొస్తాయో లెక్క కట్టొద్దు. అడిగినప్పుడు మీ మనసులో ఉన్నది చెప్పండి. వాళ్లకి తెలియదు, మీరు చెప్పలేదు కాబట్టి తెలియదు. కోడళ్లు కూడా నా మీద కోపపడొద్దు. కొడుకు ఒక్కరోజు తల్లిని ఒక్కదాన్నే తీసుకుని పోతానంటే పోనివ్వండి. మీరు మీ అమ్మని తీసుకుపోతానన్నప్పుడు అతను ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకుంటాడు. చూసుకోనంటే నాకు చెప్పండి.

సంక్రాంతి వెళ్లిన గురువారం మన వీధి నుంచి మూడు కుటుంబాలు సూర్యలంక పోతున్నాయి. చిన్న వ్యాను, ఐదింటికి మందిరం దగ్గర బయలుదేరుతుంది. అందరూ తల్లీకొడుకులో, తండ్రీకూతుళ్లో. ఇంకా నాలుగు సీట్లున్నాయి. కుర్చీలు మందిరానివి వేసుకుపోతాం. రావాలనుకున్నవాళ్లు ఆదివారం ఆరాధన తరువాత మా ఆవిడకి పేర్లు చెప్పండి. పేరు ఇచ్చేముందు మీ అమ్మని అడగండి. ఆమె సూర్యలంక కాదు, మైపాడో మంగినపూడో అంటే ఈ వ్యాను ఎక్కొద్దు, అక్కడికే పోండి.